సెల్లాయి అవ్వ మెచ్చని కూర

తమిళనాడులో చిన్నమనూరు దాటి కంబం పోయే దారిలో, ద్రాక్షతోటల నడుమ ఒక పెంకుటిల్లు ఉంది. పొద్దు గూకిందంటే ఆ పక్కకు పిట్ట కూడా పోదు. పాలు పోసే మనిషి సైతం కాలవ గట్టు మీదుగా చుట్టూ తిరిగి పోతాడే గానీ, ఆ ఇంటి ముందర బండి పోనియ్యడు.

అది సెల్లాయి అవ్వ ఇల్లు. అవ్వ పోయి కొన్నేళ్ళయింది. పోయింది గానీ... పోలేదంటారు.

అట్లని ఆమె పీక పిసికే దెయ్యం కాదు. జుట్టు విరబోసుకొని తెల్లచీరలో తిరిగే రకమూ కాదు. ఆమెది వేరే పని. వంకలు పెడుతుంది!

నవ్వకండి, వినండి. ఒకనాడు మారి అనే లోడు మనిషి, ఒట్టన్‌చత్రం మార్కెట్లో కూరగాయల మూటలు దించి వస్తా వస్తా, పరోటా, సాల్నా పులుసు పొట్లం చేత పట్టుకొని అడ్డదారిన ఆ ఇంటి పక్కగా నడిచినాడట. చీకటి. గాలి లేదు. ఆకు కదలడం లేదు. ఉన్నట్టుండి చెవి పక్కనే ఒక ముసలి గొంతు—

"సాల్నాలో సోంపు ఎక్కువేసినాడు..."

మారి పొట్లం అక్కడే పారేసి పరుగో పరుగు. తెల్లారి ధైర్యం చేసి నలుగురితో పోయి చూస్తే పొట్లం పడింది పడినట్టే ఉందట. కుక్కలు కూడా ముట్టలేదట. కుక్కలకూ సోంపు గిట్టలేదేమో, అది నాకు తెలియదు.

ఇంకొకామె పెళ్ళి లడ్లు తట్టలో పెట్టుకొని పోతా ఉంటే, "ఇది నెయ్యేనా?" అని వినబడిందట. ఆమెకు మూడు దినాలు జ్వరం. జ్వరం భయానికి కాదు, అవమానానికి అని ఆమె మొగుడు చెబుతాడు.

ఊరంతా ఆ ఇంటికి భయపడితే, కన్నమ్మాళ్‌కు మాత్రం భయం లేదు. ఆమెకు ఉన్నదంతా ఉక్రోషమే. ఎందుకంటే ఆమె సెల్లాయి అవ్వ కోడలు.

వాళ్ళు ఆ పక్కన పాతకాలపు తెలుగువాళ్ళు. ఏ రాజుల కాలంలో వచ్చినారో వాళ్ళకే గుర్తు లేదు. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, కోపమొస్తే రెండూ. ఆ చుట్టుపక్కల తెలుగిళ్ళలో కన్నమ్మాళ్ చేతి నాటుకోడి కుళంబంటే, అదే పులుసంటే, లొట్టలెయ్యని వాళ్ళు లేరు. ఎవరింట్లో చెవులు కుట్టే పండగ జరిగినా, "అక్కా, మసాలా నూరడానికి నువ్వు రావాల్సిందే" అని కబురొస్తుంది.

మరి అత్త? పెళ్ళయి వచ్చిన దినం నుంచి అత్తకు మూడు పూటలా వండిపెట్టింది. అత్త రెండుసార్లు పోయించుకొని తినేది. కంచం వేలితో తుడిచి నాకేది. ఎముకలు కటకటా కొరికి మూలుగ పీల్చేది. అంతా అయినాక చెయ్యి కడుక్కొని, కొంగుతో మూతి తుడుచుకొని అనేది—

"ఊఁ... ఆకలేసి తిన్నా."

అంతే! బాగుంది అన్న ఒక్క మాట కోసం కన్నమ్మాళ్ గుమ్మంలో గరిటె పట్టుకొని నిలబడి ఉండేది. ఆ ఒక్క మాట నోరు దాటకుండానే ముసల్ది కన్ను మూసింది. కన్నమ్మాళ్ ఏడ్చింది. సగం అత్త కోసం, సగం ఆ మాట కోసం.

ఇప్పుడు అసలు సంగతికొస్తా. ఏటా అవ్వ పోయిన తిథి వస్తే ఆ పెంకుటింట్లో పడయలు వేస్తారు. పోయినవాళ్ళకు ఇష్టమైనవన్నీ వండి, దీపం ముందర అరిటాకేసి వడ్డించి, పక్కన కొత్త చీర పెట్టి, తలుపు మూసి అందరూ బయటికి వచ్చేస్తారు. పోయినవాళ్ళు వచ్చి తిని పోవాల. ఎవరూ తొంగి చూడకూడదు. కాసేపైనాక తలుపు మూడుసార్లు తట్టి, అప్పుడు లోపలికి పోవాల.

మిగతా ఇళ్ళలో ఏదో ఒక గుర్తు కనబడేదట. ఒకరింట్లో అన్నం మీద వేలిముద్ర. ఒకరింట్లో తాత గ్లాసే ఖాళీ చేసేసినాడు, అందులో ఉన్నది నీళ్ళు కాదులెండి. కన్నమ్మాళ్ వేసిన ఆకులో మాత్రం ఏ ఏడూ అప్పడం కూడా చిట్లలేదు.

అవ్వ తమ్ముడు పెరుమాళ్సామి మామ ఉన్నాడే, ఈ తంతుకంతా ఆయనే పెద్ద. పోయినేడు ఆకు చూసి తల అడ్డంగా ఊపినాడు. చుట్టాలందరి ముందర తేల్చి చెప్పినాడు.

"అక్కకు నచ్చలేదు. వచ్చే ఏడూ ముట్టలేదంటే, ఇంక చిన్నమనూరు నుంచి వంటమనిషిని పిలిపించాల్సిందే. ఆత్మను పస్తుపెట్టకూడదు."

వంటమనిషి! కన్నమ్మాళ్ బతికుండగా, ఆమె అత్తకు, కూలికి వచ్చినవాడు వండిపెట్టడమా? ఆ మాట ఏడాదంతా ఆమె గొంతులో ముల్లులా ఉండిపోయింది. ఈసారి అత్త ముట్టాల. ముట్టకపోతే తను ఇంక ఎవరి ముందరా గరిటె పట్టదు.

తిథి ముందు దినం ఇంట్లో ఇంకో గొడవ. కూతురు యువరాణి కోయంబత్తూరు నుంచి సెలవు పెట్టుకొని వచ్చింది. ఆ పిల్లకు ఊళ్ళు తిరిగే పిచ్చి. ఫోనులో ఏదో ఆప్ ఉందట. ముక్కూమొగమూ తెలియనోళ్ళు, "రండి, మా ఇంట్లో ఊరికే ఉండండి" అని అందులో పిలుస్తారట. పైసా తీసుకోరట. ఈ పిల్ల అట్ల ఎక్కడెక్కడో పడుకొని వచ్చింది. ఇప్పుడు తన వంతు.

"ఎల్లుండి తెల్లారి ఒక పిల్ల వస్తుంది నాయనా," అనింది. "పేరు మేనక. అనకాపల్లి పక్క. కొండ మీది తేక్కడి చూసుకొని ఇట్ల దిగుతుంది. ఒక రాత్రి ఉండి పోతుంది."

తండ్రి దొరై మీసం దువ్వుకున్నాడు. మీసం చూస్తే పులి, మనిషి మాత్రం బొద్దింకను చూసినా మంచమెక్కుతాడు. "ఎవరో తెలియని పిల్లను ఎట్ల పెట్టుకుంటాం? మనది చత్రమా?"

"మనాలిలో నాకు జ్వరమొస్తే ఒక సర్దార్జీ పెళ్ళాం రాత్రంతా కూర్చొని గంజి తాగించింది నాయనా. నేను ఆమెకు ఎవరు?"

కన్నమ్మాళ్ అందుకుంది. "రానీలే. వచ్చిన పిల్లకు అన్నం పెట్టలేని ఇల్లా మనది?" అనేసి మళ్ళీ మసాలా నూరుకోను పోయింది. ఆమె ధ్యాసంతా కుళంబు మీదే.

ఆప్‌లో యువరాణి ఏ ఫోటో పెట్టిందనుకున్నారు? రోడ్డు మీద ఎరువుల అంగడి పక్కన ఉండే వాళ్ళ కొత్త ఇల్లు చూడ్డానికి సిమెంటు డబ్బాలా ఉంటుందని, పెంకుటిల్లు ఫోటో పెట్టింది. "మా అవ్వ ఇల్లు, చుట్టూ ద్రాక్షతోట" అని రాసింది. మ్యాపులో గుర్తు కూడా అక్కడే. వచ్చే పిల్లను బస్టాండు నుంచి తానే కొత్త ఇంటికి తెచ్చుకుందామని ఆమె లెక్క. దెయ్యం సంగతి మాత్రం రాయలేదు. రాస్తే ఎవరొస్తారు చెప్పండి?

తిథి రోజు వచ్చింది. సాయంత్రమే మబ్బు కమ్మింది. కరెంటు పోయింది. కన్నమ్మాళ్ అన్నీ గిన్నెల్లో సర్దుకొని పెంకుటింటికి వచ్చింది. నాటుకోడి కుళంబు, కళి అనే రాగి సంగటి, ఎండుచేప వేపుడు, వడ, గుంతపొంగణాలు... ఒక్కొక్కటి ఆకులో పెడతా, పెదాలు కదిలిస్తా ఏదో గొణుక్కుంటా ఉంది. దేవుడికి మొక్కుకుంటా ఉందనుకున్నాడు దొరై. కాదు. "తిను అత్తా, ఈ ఒక్కసారికి తిను" అంటా ఉంది.

సుంగుడి చీర మడత పెట్టి ఆకు పక్కన ఉంచింది. గోడకు అవ్వ ఫోటో. అవ్వ జన్మలో ఒక్క ఫోటోకూ నిలబడలేదు. ఆధార్ కార్డులోది పెద్దది చేయించినారు. అందులో ఆమె ఎవరిలా ఉందంటే... ఎవరిలానూ లేదు.

తలుపు మూసినారు. వాన మొదలయింది. పెరుమాళ్సామి మామతో కలిపి నలుగురూ పోయి ఎదురుగా మోటారు రూము చూరు కింద నిలబడినారు.

చీకటి... వాన... కప్పల అరుపు.

కాసేపటికి, ఇంట్లో నుంచి—

కిర్ర్...

దొరై భార్య చెయ్యి పట్టుకున్నాడు. "కన్నమ్మా... ఏమది?"

"గాలి," అనింది యువరాణి. గొంతు మాత్రం గాలి అన్నట్టు లేదు.

తర్వాత అడుగుల చప్పుడు. తడి కాళ్ళతో గచ్చు మీద నడిచినట్టు... చప్... చప్... చప్. కిటికీ సందులో దీపం వెలుతురు ఊగింది. దాని ముందర నుంచి ఏదో నీడ పోయింది.

"అక్క..." పెరుమాళ్సామి మామ ఒక అడుగు వెనక్కి వేసినాడు. "అక్క వచ్చేసింది!"

ఇన్నేళ్ళుగా ఆత్మలు, పితృదేవతలు అని ఊరందరికీ నీతులు చెప్పిన మనిషి. ఆత్మ నిజంగా వస్తే ఏం చెయ్యాలో ఆయన ఎన్నడూ ఆలోచించి పెట్టుకోలేదు. రెండు చేతులతో మోటారు పైపును కావలించుకున్నాడు.

లోపల గిన్నె మూత తీసిన చప్పుడు. గరిటె తగిలిన చప్పుడు. తర్వాత... ఎముక కొరికిన చప్పుడు! కటక్.

"పోదాం పదవే, పోదాం పద!" దొరై లుంగీ ఎగ్గట్టినాడు.

"ఉండండి!" కన్నమ్మాళ్ ఆయన చొక్కా పట్టి లాగింది. ఆమె మెడ కొంగలా ముందుకు చాపి ఉంది. చెవులు ఇంటి మీదే. "మూలుగ పీలుస్తా ఉంది... మళ్ళీ గరిటె... ఇదో, వినండి! రెండోసారి పోసుకుంటా ఉంది!"

భయమా? దాని ఊసే లేదు. ఆమె మొగం దీపంలా వెలిగిపోతా ఉంది. చచ్చి దెయ్యమై వచ్చినా సరే, అత్త తన కూర రెండోసారి పోసుకుంది. ఇంకేం కావాల!

చప్పుళ్ళు ఆగినాయి. కన్నమ్మాళ్ వానలోకి నడిచింది. మిగతావాళ్ళు ఆమె వెనక, ఒకరి వెనక ఒకరు నక్కుతా వచ్చినారు. తలుపు తట్టాల్సింది పెద్దాయన. పెద్దాయన చెయ్యి పైకి లేవడం లేదు. కన్నమ్మాళే తట్టింది.

టక్... టక్... టక్.

లోపల నుంచి గొంతు.

"ఆఁ... రండి రండి! తలుపు తీసే ఉందండీ!"

మామ కేక పెట్టలేదు. కేక పెట్టడానికి ఊపిరుండాల కదా. తిరిగి చూడకుండా ద్రాక్షపందిట్లోకి దూకినాడు. తీగలు పటపటా తెగిన చప్పుడు, పంచె చిరిగిన చప్పుడు, ఎక్కడో దూరంగా "మురుగా" అన్న చప్పుడు. దొరై పారిపోదామనే చూసినాడు గానీ తడి గడప మీద కాలు జారింది. తలుపు పక్కనే కూలబడినాడు.

కన్నమ్మాళ్ తలుపు తోసింది.

దీపం వెలుతురులో, ఆకు ముందర, ఒక ఆడమనిషి. కొత్త సుంగుడి చీర. తడి జుట్టు మొగం మీద పడి ఉంది. వేళ్ళు ఒక్కొక్కటే నాకుతా ఉంది. ఆకు... ఆకు కడిగినట్టు తుడిచిపెట్టి ఉంది. కరివేపాకు రెబ్బ కూడా మిగల్లేదు.

కన్నమ్మాళ్ మోకాళ్ళ మీద కూలబడింది. ఏడాదంతా మింగుకున్నది నోట్లోంచి వచ్చేసింది.

"అత్తా... ఉప్పు సరిపోయెనా?"

"సరిపోయిందండీ! చాలా బాగుంది. ఇంత మంచి కోడికూర నేనెప్పుడూ తినలేదండీ."

కన్నమ్మాళ్ బావురుమంది. రెండు చేతులతో మొగం కప్పుకొని ఎక్కెక్కి ఏడ్చింది. ఎన్నేళ్ళ మాట! ఎన్ని కోళ్ళ కూర!

ఏడుస్తా ఏడుస్తా... సగంలో ఆగింది.

అత్త తనను 'అండీ' అంటుందా? చచ్చినంత మాత్రాన అత్తకు మర్యాదలు వచ్చేస్తాయా? పైగా ఇదేం తెలుగు, అచ్చం టీవీలో వార్తలు చదివే తెలుగు!

యువరాణి ఫోను టార్చి వేసింది. జుట్టు వెనక్కి తోసుకొని, కళ్ళు చికిలించి, అటునుంచి ఒక పడుచుపిల్ల నవ్వింది.

"హాయ్ యువరాణీ! సారీ, ఒకరోజు ముందే వచ్చేశాను. వానకి కొండదారి మూసేస్తారేమోనని ఎవరో అంటే, దొరికిన బస్సెక్కేశాను. ఫోను తడిసి చచ్చిపోయింది. మ్యాపులో ఇల్లు చూసిపెట్టుకున్నాను కాబట్టి తోటలోంచి నడిచి వచ్చేశాను."

మేనక! దెయ్యమూ లేదు, ఆత్మా లేదు. వెనక దారిన చుట్టంగా వచ్చిన పిల్ల!

దొరై లేచి మీసం సర్దుకున్నాడు. "నేను అప్పుడే అనుకున్నా," అన్నాడు. యువరాణికి నవ్వాగలేదు. గోడకు ఆనుకొని పొట్ట పట్టుకొని నవ్వింది. పడయలు సంగతి వినేసరికి మేనకకు మొగం పాలిపోయింది. "అయ్యో, పోయినవాళ్ళ ఆకులో తినేశానా? చీర కూడా..." అని గబుక్కున లేచింది.

"కూర్చో తల్లీ. ఏమీ కాదు. తినింది మంచిదే," అనింది కన్నమ్మాళ్. అనింది గానీ, ఆమె గొంతులో ప్రాణం లేదు. ఇందాక వెలిగిన మొగం ఊదేసినట్టు ఆరిపోయింది. ఈ ఏడూ అంతే. అత్త రాలేదు. అత్త ముట్టలేదు.

మాటలు విని పెరుమాళ్సామి మామ కూడా తిరిగొచ్చినాడు. పంచె సగమే ఉంది, పెద్దరికం మాత్రం మొత్తం ఉంది. విషయం తెలిసేసరికి గొంతు సవరించుకున్నాడు.

"బయటి పిల్ల తింటే లెక్క కాదు. అక్క ముట్టలేదు. వంటమనిషికి చెప్పి పెట్టండి."

కన్నమ్మాళ్ వంగి ఖాళీ గిన్నెలు ఒకదాంట్లో ఒకటి పెట్టుకుంటా ఉంది. మేనక ఒక గిన్నె అందించింది.

"ఆంటీ, నన్ను క్షమించండి. నా అంతట నేను ముట్టుకోలేదండీ," అనింది. "చాలామంది ఇళ్ళలో ఉన్నాను, పెట్టకుండా ఎక్కడా తినను. అవ్వగారు కూర్చోబెట్టి వడ్డిస్తేనే తిన్నాను."

గిన్నెల చప్పుడు ఆగింది.

"ఏ... అవ్వ?" అన్నాడు దొరై.

"మీ అవ్వగారేనండీ. అవ్వ ఇల్లని యువరాణి రాసింది కదా. వెనక తలుపు ఆవిడే తీశారు. గచ్చు తడిపేశానని కసిరారు. ఆ చీర ఇచ్చి కట్టుకోమన్నారు. నేను వద్దంటున్నా రెండోసారి పోశారు. మీరు తలుపు తట్టగానే, 'పలుకు, పలుకు' అని వంటింట్లోకి వెళ్ళిపోయారు."

దొరై టార్చి వెలుతురులోకి జరిగినాడు.

"పక్క తోట ముసలామె అయి ఉంటుంది," అన్నాడు దొరై. పళ్ళు టకటకా కొట్టుకుంటా ఉన్నాయి.

"పక్క తోటలో ముసలామె లేదు నాయనా," అనింది యువరాణి. ఇప్పుడు ఆమె నవ్వడం లేదు.

పెరుమాళ్సామి మామ మెల్లగా ఒక కాలు గుమ్మం బయట పెట్టినాడు.

కన్నమ్మాళ్ మాత్రం గిన్నెలు కింద పెట్టి మేనక దగ్గరికి జరిగింది. అవ్వ ఎట్ల ఉందని అడగలేదు. ఎవరని అడగలేదు. పిల్ల చెయ్యి గట్టిగా పట్టుకొని, గుసగుసగా ఒకే ఒక్కటి అడిగింది.

"కూర గురించి... ఏమైనా అనిందా?"

మేనక ఇబ్బందిగా వంటింటి పక్క చూసింది. "చెప్పొద్దన్నారండీ."

"చెప్పు తల్లీ. నీకు పుణ్యముంటుంది."

"నేను తింటూ 'కూర బాగుందండీ' అన్నాను. ఆవిడ నా నోటికి చెయ్యి అడ్డం పెట్టి... 'బాగుంటుంది. ఆ పిల్ల చేతి కూర ఎప్పుడూ బాగుంటుంది. గట్టిగా అనకు, బయట నిలబడి వింటా ఉంటుంది. వినిందంటే రేపటి నుంచి ఉప్పు చూసి వెయ్యదు' అన్నారు."

కన్నమ్మాళ్ పిల్ల చెయ్యి వదిలేసింది. తర్వాత కొంగు నడుముకు చుట్టి, చీకటి వంటింటి పక్కకు తిరిగి, పెళ్ళయినప్పటి నుంచి లేని గొంతుతో అరిచింది.

"వినేసినా, అత్తా!"

వంటింట్లో ధన్‌మని గిన్నె విసిరికొట్టిన చప్పుడయింది.